మ్యాథ్స్‌లో 19 వచ్చాయి, నాన్నకి ఇంకా చెప్పలేదు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది ఒడిశా, గజపతి జిల్లాలో కాశీనగరం దగ్గర పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పదో తరగతి వరకు ఒడియా మీడియంలో చదివాను, మంచి గ్రేడే వచ్చింది. ఇప్పుడు పర్లాకిమిడిలో ప్లస్ టూ సైన్స్ మొదటి సంవత్సరం. ఇక్కడ అన్నీ ఇంగ్లీషులోనే. హాఫ్ ఇయర్లీలో మ్యాథ్స్‌కి 100కి 19 వచ్చాయి. క్లాసులో సార్ "బుఝిలొ?" (అర్థమైందా?) అని అడిగితే అందరితో పాటు నేనూ తలూపుతాను, కానీ నాకేమీ అర్థం కాదు. మా పెదనాన్న కూతురికి 81 వచ్చాయి. నాన్నది టైలరింగ్ షాపు, అప్పు చేసి నన్ను చేర్పించారు. పేపర్లు ఇంకా ఇవ్వలేదని అబద్ధం చెప్పాను. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఒక్కోసారి ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోంది. ఆర్ట్స్‌లోకి మారిపోనా? నేను సైన్స్‌కి పనికిరానా? నా పేపర్లో ఒక పేజీ ఫోటో పంపుతున్నాను. తెలుగు రాయడం తాతయ్య నేర్పారు, తప్పులుంటే క్షమించండి.

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫోటోలో ఉన్న పేజీని మాత్రం అంతకంటే ఎక్కువసార్లే చూశాను. దాని గురించి చాలా చెప్పాలి. అంతకంటే ముందు ఇంకో మాట ఉంది.

ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోంది అన్నావు. ఆ మాటకి అర్థం క్లాసు నుంచో ఊరి నుంచో తప్పించుకోవాలని మాత్రమే కావచ్చు. అంతకంటే పెద్దదీ కావచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే, ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదువు. ముందు ఇంట్లో నీకు దగ్గరైనవాళ్లకి ఆ మాట చెప్పు, అమ్మకైనా, తాతయ్యకైనా. 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే నంబరు. డబ్బులు పడవు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికైనా చెయ్యవచ్చు. సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదు.

ఇప్పుడు పేపరు సంగతి. నీకు కనబడుతున్నది పైన ఎర్ర ఇంకులో ఉన్న 19 ఒక్కటే. మడిచి బ్యాగు అడుగున పెట్టేసి ఉంటావు, అందరూ చేసేది అదే. నాకు మాత్రం ఆ పేజీలో రెండు చోట్ల నువ్వు ఎక్కడ ఆగిపోయావో స్పష్టంగా కనిపించింది.

మొదటిది, సైన్ 75 విలువ కట్టమన్న లెక్క. 75ని 45, 30గా విడగొట్టావు. అది సరైన ఆలోచనే. తర్వాత సైన్ 45 కి సైన్ 30 కలిపేశావు. 0.707 కి 0.5 కలిపితే 1.207 వచ్చింది. సార్ దాని మీద అడ్డంగా గీత కొట్టి సున్నా వేశారు. ఇప్పుడు నీ పదో తరగతి ఒడియా పుస్తకంలోకి వెళ్దాం. సైన్ అంటే లంబాన్ని కర్ణంతో భాగించడం, అవునా? లంబకోణ త్రిభుజంలో అన్నిటికంటే పొడవైన భుజం కర్ణం. చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే 1 కంటే ఎక్కువ ఎప్పటికీ రాదు. నీకు 1.207 వచ్చింది. అంటే పరీక్ష హాల్లో కూర్చునే, సార్ ఎర్ర పెన్ను తియ్యకముందే, ఈ జవాబు తప్పని నువ్వే పట్టుకోగలిగేదానివి. దానికి కావలసిన తెలివి నీకు ఇప్పటికే ఉంది. పదో తరగతిలోనే సంపాదించావు. ఆ తెలివి ఒడియాలో ఉంది, లెక్క ఇంగ్లీషులో వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు.

సైన్ అనేది 45నో 30నో గుణించే అంకె కాదు, లోపలికి పంచుకుంటూ పోవడానికి. ఒక కోణాన్ని ఇస్తే ఒక విలువ తిరిగిచ్చే నియమం అది. అందుకే విడగొట్టడానికి వేరే సూత్రం కావాలి: సైన్ 45 ని కాస్ 30 తో గుణించి, కాస్ 45 ని సైన్ 30 తో గుణించి, ఆ రెండూ కలపాలి. చేసి చూడు, 0.966 వస్తుంది. 1 కంటే తక్కువ, 90కి దగ్గర కోణం కాబట్టి 1కి దగ్గర. ఇప్పుడు నమ్మబుద్ధి అవుతోంది కదా?

రెండోది ఇంకా చిన్న తప్పు, కానీ ఎక్కువ మార్కులు తినేసింది. బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నప్పుడు లోపలి మొదటి పదానికే గుర్తు మార్చి, రెండోదాన్ని అలాగే వదిలేస్తున్నావు. 10 − (4 − 1) ని 10 − 4 − 1 అని రాసినట్టు. అలా అయితే 5 వస్తుంది, రావలసింది 7. ఈ ఒక్క పేజీలోనే అది మూడుసార్లు ఉంది. రెండు చోట్ల పద్ధతి మొత్తం సరిగ్గా నడిచి, అక్కడ జారి, చివరి జవాబు తప్పింది. ఇది పదకొండో తరగతి లోపం కాదమ్మా. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో పడిన ముడి. పదో తరగతిలో ఆబ్జెక్టివ్ ప్రశ్నలు ఎక్కువ కాబట్టి ఇచ్చిన నాలుగు జవాబుల్లో సరైనది పోల్చుకుని దాటేసి ఉంటావు. ఇప్పుడు మొత్తం లెక్క నువ్వే రాయాల్సి వచ్చేసరికి అది బయటపడింది.

మీ నాన్నగారు టైలర్ కదా. జాకెట్టు చంక దగ్గర పట్టేసిందని ఎవరైనా తెస్తే ఆయన బట్టంతా చించి అవతల పారేస్తారా? ఏ కుట్టు దగ్గర తేడా వచ్చిందో చూస్తారు, అక్కడిదాకా విప్పుతారు, మళ్లీ కుడతారు. నీ పేపరుతో చెయ్యాల్సింది అదే. ఒక ఆదివారం పొద్దున పేపరు ముందేసుకుని కూర్చో. పోయిన ప్రతి మార్కు పక్కన పెన్సిల్‌తో ఒక్క ముక్క రాయి: అసలు తెలియదు, తెలిసీ జారింది, టైం చాలలేదు, ప్రశ్నే అర్థం కాలేదు. 81 మార్కులకీ రాయి. కష్టంగానే ఉంటుంది, ఏడుపొస్తే ఏడువు, కానీ ఆపకు. "అసలు తెలియదు" అన్నవి నువ్వనుకున్నంత ఎక్కువ ఉండవని నా నమ్మకం. ఒక్క పేజీ చూసే ఈ మాట అంటున్నాను, కానీ ఊరికే ధైర్యం చెప్పడానికి అనడం లేదు.

ఇక "బుఝిలొ?" సంగతి. ఈ మాట దగ్గర నాకు మనసు చివుక్కుమంది. నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. "అర్థమైందా?" అని అడిగి, తలలు ఊగగానే బోర్డు తుడిచేసి ముందుకెళ్లిపోయినవాణ్ని. రెండో బెంచీలో ఒక కుర్రాడు ఉండేవాడు. అందరికంటే ముందు వాడే తలూపేవాడు. వాడు తప్పాక పేపరు తిప్పి చూస్తే, మూడు నెలల పాఠంలో వాడికి మొదటి వారం నుంచే ఏమీ తెలియదు. తలూపింది అర్థమై కాదు, నేను ఆ ప్రశ్న అక్కడితో ఆపేస్తానని. వాడు ఆ ఏడాదే చదువు మానేశాడు. వాడి పేపరు ఒక నెల ముందు చూసి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. మీ సార్ కూడా చెడ్డవారై ఉండరు. అరవైమంది తలలు ఊగుతుంటే ఏ తల అబద్ధం చెబుతోందో బోర్డు దగ్గర నిలబడినవాడికి కనబడదు.

అందరి ముందూ లేచి అడగమని నేను చెప్పను. క్లాసు అయ్యాక వెళ్లు. "సార్, నాకు మ్యాథ్స్ రాదు" అని మాత్రం అనకు. దానికి ఆయన ఏం చెప్పగలరు, బాగా చదువమ్మా అంటారు. నోట్సు తెరిచి వేలు పెట్టి చూపించు: ఈ మూడో లైను నుంచి నాలుగో లైనుకి ఎలా వచ్చామో తెలియలేదు అని. ఒడియాలోనే అడుగు, "సార్, ఏఇ లైన్‌టా బుఝిపారిలి నాహిఁ" అని. వేలు పెట్టి చూపించిన లైనుకి జవాబు చెప్పని మాస్టారు చాలా అరుదు. నిజం చెప్పాలంటే మాకు అలాంటి ప్రశ్న వస్తే ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది.

భాష గురించి ఇంకాస్త చెప్పాలి, నీ కష్టంలో సగం అక్కడే ఉందనిపిస్తోంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు ఇంగ్లీషు. ఒక్కొక్క మాటకి ఒక్కొక్క ముఖం. నీ ఒడియా పుస్తకంలో సమాంతర ప్రగతి అన్నదాన్నే తెలుగు పుస్తకాల్లో అంకశ్రేఢి అంటారు. ఇప్పుడు బోర్డు మీద అరిథ్మెటిక్ ప్రోగ్రెషన్ అని రాస్తున్నారు. ముగ్గురూ ఒకరే. ఒడియాలో ఫలన, తెలుగులో ప్రమేయం, ఇంగ్లీషులో ఫంక్షన్. కొన్నింటికి ఆ ఇబ్బంది కూడా లేదు: కర్ణం, సమీకరణం, వర్గమూలం, త్రికోణమితి రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. ఒక వంద పేజీల నోట్‌బుక్ కొని పేజీకి రెండు గీతలు గియ్యి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో ఒడియా మాట, మూడో గడిలో నీ సొంత తెలుగులో దాని అర్థం. పుస్తకం తెలుగు కాదు, మీ అమ్మకి చెప్పినట్టు. ఫంక్షన్ ఎదురుగా "ఒకటి ఇస్తే ఒక్కటే తిరిగిచ్చేది" అని రాసుకో. మూడో గడి నింపలేకపోయావంటే ఆ మాట నీకు ఇంకా రాలేదని అర్థం. మర్నాడు సార్‌ని అడగాల్సింది అదే.

ఇది నా సొంత కనిపెట్టుడేమీ కాదు. నువ్వు బస్సు దిగే ఆ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు 1880లో బడిపంతులుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల కోసం ఆయన ముందు తానే సవర భాష నేర్చుకున్నారు, పిల్లలకి వాళ్ల భాషలో చదువు చెప్పించారు, తర్వాత ఆ భాషకి నిఘంటువు కూడా తయారు చేశారు. పుస్తకాల తెలుగు కాకుండా జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని ఆయన చేసిన పోరాటానికి మొదలు కూడా ఆ ఊళ్లో పాఠాలు చెప్పిన అనుభవమే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లారు. తెలియని భాషలో పాఠం వింటూ కూర్చున్న పిల్లలు మందబుద్ధులు కారని ఆ ఊళ్లో నూరేళ్ల కిందటే ఒక మాస్టారు గుర్తించారు. నువ్వు నిన్ను నువ్వు పనికిరానిదాన్ని అనుకుంటుంటే నాకు ఆయనే గుర్తొచ్చారు.

పుస్తకాల విషయం. ఒడిశా ప్రభుత్వ టెక్స్ట్‌బుక్ బ్యూరో వేసే పుస్తకం, అదే బ్యూరో పుస్తకం, నీకు ఉంటుంది, సిలబస్ దానిలోదే, దాన్ని వదలకు. దానితో పాటు ఏరు దాటి ఆంధ్రలో పాతపట్నం వైపు ఇంటర్ చదివినవాళ్లు ఎవరైనా తెలిస్తే, తెలుగు మీడియం తెలుగు అకాడమీ మ్యాథ్స్ 1ఎ పాత కాపీ ఒకటి అడుగు. ప్రమేయాలు, త్రికోణమితి అందులో ఉన్నాయి. పాతదైనా లెక్కలు మారవు. తాతయ్య నేర్పిన తెలుగు దానికి సరిపోతుంది. అర్థం చేసుకోవడానికి అది, రాయడానికి బ్యూరో పుస్తకం. ఎన్సీఈఆర్టీ పదకొండో తరగతి పుస్తకం ఇంగ్లీషులో వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కానీ ఇప్పుడే మూడో పుస్తకం మీద వేసుకోకు. అటక మీద పెట్టిన తొమ్మిది, పది ఒడియా పుస్తకాలు మాత్రం తప్పకుండా దించు. బ్రాకెట్లు, కారణాంకాలు, భిన్నాలు రోజుకి పది లెక్కలు, రెండు వారాలు. చిన్నతనంగా అనిపిస్తుంది, ప్లస్ టూ పిల్ల తొమ్మిదో తరగతి లెక్కలు చేయడమేమిటని. ఎవరికీ చూపించనక్కర్లేదు, చెయ్యి.

చదివే పద్ధతిలో ఒక్కటి మార్చు. పుస్తకంలో చేసి పెట్టిన లెక్కలు ఊరికే చదువుకుంటూ వెళ్తున్నావేమో చూసుకో. పుస్తకంలో చేసిన లెక్క చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, ప్రతి లైనూ సబబుగా కనబడుతుంది. పుస్తకం మూసి తెల్ల కాగితం మీద మొదటి లైను రాయబోతే చెయ్యి కదలదు. పరీక్షలో ఎదురయ్యేది ఆ తెల్ల కాగితమే. అందుకని ఒక లెక్క చదివాక పుస్తకం మూసి చెయ్యి. ఆగిపోతే ఒక్క లైను చూసి మళ్లీ మూసెయ్యి. అదే లెక్క రెండు రోజులాగి మళ్లీ, వారానికి మళ్లీ చెయ్యి. ముప్పై లెక్కలు చదవడం కంటే ఎనిమిది లెక్కలు ఇలా చేస్తే ఎక్కువ నిలుస్తుంది. రోజుకి గంట చాలు. రాత్రి పదిన్నర దాటాక మ్యాథ్స్ ముట్టకు, నిద్ర పట్టనివాళ్లకి అది అసలు వద్దు.

ట్యూషన్ గురించి నువ్వు అడగలేదు, ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి అంటున్నాను. పాఠాన్ని మళ్లీ అదే వేగంతో చెప్పే ట్యూషన్‌కి అప్పు మీద అప్పు చేయించకు. వెనక్కి వెళ్లి తొమ్మిదో తరగతి ముడి విప్పే ఓపిక ఉన్నవాళ్లు దొరికితే, అప్పుడు ఆలోచించు. పెదనాన్న కూతురు నీకు ముందుగా దొరికిన ట్యూషన్. ఆ పిల్లకి 81 రావడం వల్ల నీకేమీ తగ్గలేదు. వెళ్లి ఆ సైన్ 75 లెక్క తను ఎలా చేసిందో చూపించమను.

ఆర్ట్స్ సంగతికి వస్తే, ఆర్ట్స్ అంటే సైన్స్ రానివాళ్లని పడేసే చోటు కాదు. చరిత్రో, ఎకనామిక్సో నిజంగా నచ్చి వెళ్లేవాళ్లకి అది మంచి దారి. కానీ నీ ఉత్తరమంతటిలో ఒక్క మాట లేదు గమనించావా? నువ్వేం కావాలనుకుంటున్నావో రాయలేదు. ఇంజనీరింగ్ అయితే దాదాపు అన్ని బ్రాంచీలకీ మ్యాథ్స్ కావాలి. డాక్టర్ చదువుకి రాసే నీట్‌లో మ్యాథ్స్ పేపరే లేదు. బీఎస్సీ నర్సింగ్‌కి కూడా చూసేది ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ. బీఫార్మసీకి ఫిజిక్స్, కెమిస్ట్రీలతో మ్యాథ్స్ అయినా బయాలజీ అయినా ఫర్వాలేదు. కాబట్టి మ్యాథ్స్ వదిలేసినంత మాత్రాన సైన్స్ మొత్తం మూసుకుపోదు. సబ్జెక్టు మార్చుకోవడానికి మీ కాలేజీలో గడువు ఎప్పటిదాకా ఉందో ఆఫీసులో కనుక్కో, తెలుసుకోవడంలో తప్పులేదు. నిర్ణయం మాత్రం ఈ 19 చూసిన వారంలో తీసుకోకు. ఈ హాఫ్ ఇయర్లీ మార్కు రేపు నీ ప్లస్ టూ సర్టిఫికెట్ మీద ఎక్కడా కనబడదు. ఒక నెల నేను చెప్పినట్టు చేసి చూడు. తర్వాత కూడా ఈ సబ్జెక్టు వద్దనిపిస్తే అప్పుడు మారడం పారిపోవడం కాదు.

ఇక నాన్న. ఇది వాయిదా వెయ్యకు. పేపర్లు ఇవ్వలేదన్న అబద్ధం రోజురోజుకీ బరువెక్కుతుంది. నీ నిద్ర పాడు చేస్తున్నది 19 కంటే అదే అని నా అనుమానం. పైగా పెదనాన్న ఇంట్లో మార్కులు తెలిసిపోయాయి, ఇవాళో రేపో షాపు దగ్గర ఎవరో ఒకరు ఆయనతో అంటారు. ఆ మాట ఆయన ఇంకొకరి నోట వినకూడదు. షాపులో కస్టమర్లు ఉన్నప్పుడు చెప్పకు, ఆకలి మీద ఉన్నప్పుడు చెప్పకు. అన్నం తిన్నాక, తాతయ్య పక్కన ఉండగా, పేపరు చేతిలో పెట్టి చెప్పు: "నాన్నా, మ్యాథ్స్‌లో 19 వచ్చాయి. పేపర్లు ఇవ్వలేదని అబద్ధం చెప్పాను, భయమేసింది. ఎక్కడ తప్పు చేశానో చూసుకున్నాను, ఇదిగో." ఆ "ఇదిగో" అన్నచోట పెన్సిల్‌తో రాసుకున్నవి చూపించు. కోపం వస్తుంది, అరవవచ్చు కూడా. అప్పు చేసిన మనిషికి ఆ భయం ఉంటుంది. ఎదురు చెప్పకు, ఏడ్చి గదిలోకీ పోకు. ఆయన చల్లబడ్డాక కుట్టు విప్పే సంగతి చెప్పు. లెక్కలు ఆయనకి తెలియకపోవచ్చు. తప్పిన కుట్టు ఎక్కడుందో వెతకడం ఎంత ఓపికైన పనో ఆయనకి తెలిసినంత నాకు కూడా తెలియదు.

ఈ రాత్రికి ఒకే ఒక్క లెక్క ఇస్తున్నాను. కాస్ 15 విలువ కట్టు. 15 అంటే 45 లోంచి 30 తీసేస్తే వచ్చేది. ముందు నీ పాత పద్ధతిలోనే కాస్ 45 లోంచి కాస్ 30 తీసి చూడు, ఏం వస్తుందో, అది ఎందుకు కుదరదో తెలుగులో రెండు ముక్కలు రాయి. తర్వాత బ్యూరో పుస్తకంలో సరైన సూత్రం చూసి, పుస్తకం మూసి, చెయ్యి. వచ్చిన జవాబుని పైన సైన్ 75 జవాబు పక్కన పెట్టి చూడు. ఏదో ఒకటి గమనిస్తావు. అది ఏమిటో, ఎందుకలా వచ్చిందో నాకు రాయి. నాన్నతో ఏమైందో కూడా రాయి.